గుడిసెలో రంగు పేరెత్తకూడదు

జాఫ్నా ఎర్రనేలలో పొగాకు వేయని పెరడు లేదు, పొగాకు గురించి కోతలు కోయని మగాడూ లేడు. ఆవరంగాల్ వల్లిపురానికి మాత్రం సొంతంగా కోతలు కోసుకునే అవసరం ఉండేది కాదు. ఆ పని ఊరే చేసిపెట్టేది. ఆయన పొగ గుడిసె తలుపు తీసిన రోజున గాలి ఉత్తరంగా వీస్తే, రేవు దాటిపోతున్న పడవలు కాసేపు ఆగి వాసన చూసి వెళ్ళేవట. నోట్లో పన్నొక్కటీ లేని సిన్నక్కుట్టి తాత ఆ ఆకు నమిలి నమిలి, ముదిమి వయసులో ఒక దవడ పన్ను మొలిపించుకున్నాడట. ఆ పన్నును కళ్ళారా చూశామన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ వల్లిపురానికి చుట్టాలే. అంతమాత్రాన అబద్ధమనడానికి లేదు.

ఆయన ఆకు అమ్మేవాడు కాదు. బావికీ వంటింటికీ మధ్యనున్న పెరట్లో, తమలపాకు పళ్ళేనికి ఏడాది పొడుగునా సరిపోయేంత వేసేవాడు. ఏతం తొక్కి నీళ్ళు పెట్టడం, తలలు తుంచడం, పిలకలు గిల్లడం, మేకల ఎరువు వేయడం ఎవరైనా చేసే పనులే. అసలు విద్య కోత తర్వాత ఉంది. కోసిన ఆకును మండె వేసి, అంటే కుప్పగా పేర్చి గోనెలు కప్పి, లోలోపల చెమట పట్టించాలి. పచ్చదనం పోయి పసుపు తిరిగాక తాళ్ళకు గుచ్చి తాటాకు గుడిసెలో వేలాడదీయాలి. కింద గుంటలో కొబ్బరి డొక్కలు మంట లేవకుండా రాజేసి, సన్నటి పొగ పట్టించాలి. మళ్ళీ మండె, మళ్ళీ పొగ. చివరికి తాటిబెల్లం నీళ్ళు చిలకరించి, అరటాకుల్లో చుట్టి నిద్రపుచ్చాలి. అన్నీ సరిగ్గా కుదిరితే ఆకు కాఫీ గింజ రంగులోకి వస్తుంది. ఒక్కచోట తొందరపడితే పచ్చరంగు ఆకులోనే బిగుసుకుపోయి, ఇక ఎంత పొగ పట్టినా కదలదు. ఆ ఆకు నమిలినవాడు ఆ పూటకి అన్నం మాట మరిచిపోతాడు.

ఇందుకే ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటు ఉంది. పొగ గుడిసెలో రంగు పేరెత్తకూడదు. పూర్వం ఎవరో వదినగారు గుడిసెలోకి తొంగిచూసి, "అబ్బ, ఎంత బంగారంలా ఉందో!" అందట. పొగడ్త తలకెక్కి ఆ ఆకు బంగారు రంగులోనే ఉండిపోయి, నమలడానికి గడ్డికన్నా అన్యాయమైందట. అప్పటినుంచీ అందరూ ఆకును నిద్రపోతున్న మనిషిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. పచ్చగా ఉంటే 'పడుకుని ఉంది'. పసుపు తిరిగితే 'ఒళ్ళు విరుచుకుంటోంది'. బాగా మాగితే 'లేచి కూర్చుంది'. పాఠశాల పంతులుగారు కూడా గుడిసెలో కాలుపెడితే ఈ మాటలే మాట్లాడేవారు.

ఆ గుడిసె వల్లిపురానికి మామగారు అంబలవాణర్ నుంచి వచ్చింది. గుడిసెకన్నా ముఖ్యమైనది నిప్పుకుండ. మొదటి పొగకి నిప్పును ఆ మట్టికుండలోనే తేవాలి. ఎవరి చేతిలో ఆ కుండ ఉంటే వాళ్ళదే గుడిసె పెత్తనం. ముసలాయన పోయేముందు, సొంత కొడుకు కదిరవేలును పక్కనబెట్టి, కుండ తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. "ఆకు చెడిన ఏడు కుండ చేయి మారాలి" అని ఒక షరతు కూడా పెట్టాడు. ఆకు చెడిందో లేదో చెప్పే పని కదిరవేలుది. ఆనాటినుంచీ కదిరవేలు ఏటా తలుపు తీసే రోజున, ఇస్త్రీ చేసిన శాలువా భుజాన వేసుకుని, తప్పు దొరుకుతుందన్న కొండంత ఆశతో వచ్చేవాడు. మొదటి ఆకు నమిలేవాడు. నములుతున్నంతసేపూ ముఖం చిట్లించేవాడు. చివరికి, "ఫరవాలేదు" అని, కావలసినంత ఆకు మూటగట్టుకుని పోయేవాడు.

అలా ఏళ్ళు గడిచి, వల్లిపురం మనవల్ని ఎత్తుకునే వయసుకి వచ్చాక, లోకానికి ఏదో అయింది.

అయింది లోకానికేనని ఆయన నమ్మకం. పొద్దున్నే పంచె అందుకుని భార్య మీద విరుచుకుపడేవాడు.

"సెల్లాచ్చీ! ఈ పంచె ఉతికావా, మామిడితాండ్రలో ముంచి తీశావా?"

"మల్లెపువ్వులా ఉంటే తాండ్రంటాడేంటీ మనిషి! పోయి ముఖం కడుక్కో."

కొబ్బరి కోరు పాతదనేవాడు. పాలలో టీ పొడి కలిపావనేవాడు. వెన్నెల కూడా మునుపటిలా లేదనీ, అన్నిట్లోనూ కల్తీ పెరిగిపోయిందనీ బస్టాండు దగ్గర వాదించేవాడు. రెండు కళ్ళకీ తేనెరంగు పొర కమ్ముకుందని ఊళ్ళో అందరికీ తెలుసు. సెల్లాచ్చి రెండుసార్లు ఆసుపత్రి మాట ఎత్తింది. "ఆకు రంగు చూసి చెప్పే కళ్ళు నావి! వాటిమీద కత్తి పెట్టనిస్తానా?" అని ఆయన ఎగిరిపడ్డాడు. ఆ తర్వాత ఆమె ఎత్తలేదు.

ఆ ఏడు పంట గొప్పగా వచ్చింది. ఆకులు ఎంతెంత అంటే, ఎండకి పిల్లి ఒక ఆకు నీడన పడుకుంటే తోక కూడా బయటికి కనిపించలేదు. కోశారు, వాడనిచ్చారు, మండె వేశారు. మరునాడే వల్లిపురం గోనె ఎత్తి చూసి అరిచాడు.

"సెల్లాచ్చీ, రా రా! ఎన్నడూ లేనిది, ఒక్క రాత్రికే ఒళ్ళు విరుచుకుంది!"

సెల్లాచ్చి చేతిలో పిట్టు ఉడికించే వెదురు గొట్టంతోనే వచ్చి చూసింది. ఆకు తోటలో ఎలా ఉందో అలాగే ఉంది, చిలక రెక్కలా.

"పడుకునే ఉందయ్యా," అంది మెల్లగా. "గురక కూడా పెడుతోంది."

"నీకు చూపు మందగించింది."

"నాకా?"

"వయసు మీద పడితే అంతే. బాధపడకు."

ఆమె పిట్టు గొట్టంతో తన నుదురు కొట్టుకోబోయి ఆగింది. వల్లిపురం ఆ సాయంత్రానికే ఆకంతా గుచ్చి వేలాడదీశాడు. నిప్పుకుండ తెచ్చి డొక్కలు రాజేశాడు. పొగ లేచింది. ఆయన గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఆకుల కేసి చూస్తూ మురిసిపోయాడు. పైనుంచి కింది దాకా అంతా గోధుమరంగే. తన చేతివాటం ఇంత పదునెక్కిందా, పొగ పట్టకముందే ఆకు మాగిపోయేంతగా? అంబలవాణర్ బతికి ఉంటే ఈ రోజు కాళ్ళు కడిగి నెత్తిన నీళ్ళు చల్లుకునేవాడు. నీళ్ళు చల్లుకునేది మామగారో తనో ఒక్కక్షణం సందేహం వచ్చింది కానీ, ఆ సంతోషంలో పట్టించుకోలేదు.

సెల్లాచ్చికి మాత్రం ముద్ద దిగలేదు. నిప్పుకుండ తన అన్న చేతికి పోతే ఆమెకి నష్టమేమీ లేదు, పుట్టింటి కుండ పుట్టింటికే పోతుంది. కానీ ఈయన సంగతి? పొద్దున లేస్తే గుడిసె, సాయంత్రమైతే గుడిసె. ఆ కుండ పోతే మనిషి పెరట్లో ఏతం కర్రలా మిగిలిపోతాడు. పైగా కదిరవేలు అన్న నిప్పు వేస్తే ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. చిన్నప్పుడు చలికాచుకోవడానికి నాలుగు ఆకులు అంటించి పశువుల కొట్టం తగలబెట్టిన ఘనుడు.

ఆయనతో రంగు గురించి వాదించి లాభం లేదు. ఆమె అటకెక్కి, కిందటేడు జాడీలో మిగిలిన ఆకు ఒకటి తీసింది. గుడిసెలోకి వెళ్ళి, వేలాడుతున్న తాడునుంచి కొత్త ఆకు ఒకటి తెంపింది. రెండూ తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టింది.

"కిందటేటిది ఏది, ఈ ఏటిది ఏది? చెప్పు."

వల్లిపురం నవ్వాడు. కుడిచేతి ఆకు చూశాడు, ఎడమచేతి ఆకు చూశాడు. రెండూ ఒకే రంగు. ఎండలోకి నడిచి మళ్ళీ చూశాడు. తిప్పి వెనకవైపూ చూశాడు. ఒకే రంగు.

"చూశావా?" అన్నాడు. "పొగ పట్టి వారం కాలేదు, ఏడాది మాగిన ఆకుతో సరిసమానంగా..."

అంటూనే ఆగిపోయాడు. కుడిచేయి ఏదో చెబుతోంది. కుడిచేతిలోని ఆకు పాత పట్టుచీర కొంగులా వేళ్ళమీద వాలి ఉంది. ఎడమచేతిలోనిది అప్పడంలా నిగిడి నిలబడింది. వేళ్ళు కాస్త ముడిస్తే అంచు చిటుక్కున విరిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుడివైపు ఆకు తాటిబెల్లం పాకం అడుగంటినట్టు కమ్మగా ఉంది. ఎడమవైపుది వాసన చూస్తే తోటలోకి మేకను తోలినట్టుంది. పచ్చి గడ్డి.

కళ్ళు రెండిటినీ ఒకటే అంటున్నాయి. చేతులు, ముక్కు కాదంటున్నాయి.

ఆయన చాలాసేపు ఎండలో అలాగే నిలబడ్డాడు. తర్వాత తన పంచె అంచు ఎత్తి చూసుకున్నాడు. మామిడితాండ్ర. బావి గట్టుమీది సున్నం చూశాడు. మామిడితాండ్ర. సెల్లాచ్చి జుట్టు కేసి చూశాడు. అక్కడ కూడా అదే రంగు కనబడేసరికి ఇక పీట దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"ఎప్పట్నించే?" అన్నాడు.

"కిందటి వానాకాలం నించి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నాకే చూపు మందగించిందన్నావుగా."

వల్లిపురం మీసం నములుకున్నాడు. "మీ అన్న ఎప్పుడొస్తానన్నాడు?"

"మధ్యలో ఒకసారి తొంగిచూసి పోతానని కబురంపాడు. తలుపు తీసే రోజు ఎలాగూ వస్తాడు."

"వస్తే కుండ పట్టుకుపోతాడు."

"ఆకు బిగుసుకుపోయిందా పూర్తిగా?"

ఆయన లేచి గుడిసెలోకి వెళ్ళాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. ఒక్కొక్క తాడూ పట్టుకుని, ఒక్కొక్క ఆకు ఈనె వెంట బొటనవేలు నడిపించాడు. అంచులు ఎండాయి. కాని ఈనె దగ్గర ఇంకా తడి ఉంది, కాడ వంచితే వంగుతోంది. లోపల ప్రాణముంది. పొగ ఇంకో రెండు పూటలు పట్టి ఉంటే ఆశ ఉండేది కాదు.

"దింపు," అన్నాడు. "మొత్తం దింపు. గుంటలో నీళ్ళు కొట్టు."

"ఆర్పేయమంటావా? ఒకసారి వేసిన నిప్పు ఆర్పకూడదంటారుగా?"

"అనేవాళ్ళు వచ్చి ఈ ఆకు నమిలితే తెలుస్తుంది. ఆర్పు."

ఇద్దరూ ముసలివాళ్ళే అయినా ఆ రోజు పడుచువాళ్ళలా పనిచేశారు. ఆకు దింపి, నోటితో నీళ్ళు పుక్కిలించి మంచులా చిమ్మారు. సగం నీళ్ళు ఆకు మీద, సగం ఒకరి మీద ఒకరికి పడ్డాయి. ఆకు మెత్తబడి పదునెక్కాక, కాడలు బయటికీ కొసలు లోపలికీ వచ్చేట్టు గుండ్రంగా మండె పేర్చారు. కింద తాటాకు చాప, పైన అరటాకులు, వాటిమీద తడి గోనెలు, గోనెలమీద రుబ్బురోలు. రోలెత్తేటప్పుడు వల్లిపురం నడుము పట్టేసింది. సెల్లాచ్చి ఆ నడుముకి వేడినూనె రాస్తూ రెండురోజులు సాధించింది.

ఇక ముక్కు పని మొదలైంది. రోజూ మండెలోకి మోచేతిదాకా చేయి పెట్టేవాడు. మొదట్లో పచ్చిగడ్డి వాసనే. తర్వాత దోసకాయ కోసినట్టు. ఆ తర్వాత తడిసిన ఎండుగడ్డి. లోపల వేడి చేయి చురుక్కుమనేలా పెరిగితే వెంటనే మండె విప్పి, మధ్యదాన్ని అంచుకీ అంచుదాన్ని మధ్యకీ మార్చేవాడు. లేకపోతే ఆకు కుళ్ళి నల్లబడుతుంది. ఒకరోజు ఆవుల కొట్టంలోలా ఘాటు వచ్చి కళ్ళు మండాయి. సెల్లాచ్చి ముక్కు మూసుకుని, "చచ్చిపోయిందా?" అంది.

"ఒళ్ళు విరుచుకుంటోంది," అన్నాడు వల్లిపురం. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఏం, లేచేటప్పుడు నీ నోరు కంపు కొట్టదా?"

సెల్లాచ్చి చెంగుతో ఆయన వీపుమీద ఒకటి తగిలించి, గోనె పక్కకి జరిపి చూసింది. అడుగునుంచి పసుపు పాకుతోంది. ఆ మాట పైకి అనకుండా వెళ్ళి, ఆ పూట పులుసులో ఇంకో రెండు రొయ్యలు ఎక్కువ వేసింది.

ఆకు మళ్ళీ తాళ్ళకెక్కి, రెండోసారి సన్నటి పొగ పడుతున్నప్పుడు కదిరవేలు వచ్చాడు. సైకిలు గేటుకి ఆనించి, శాలువా సర్దుకుని, "ఏం బావా, గుడిసెలో పొగ ఆగి మళ్ళీ లేచిందని విన్నాను. నిప్పు వేయడం మరిచిపోయావా, ఆర్పడం మరిచిపోయావా?" అన్నాడు.

"నువ్వొస్తున్నావని పొగకి కూడా భయమేసింది, బావా. రా, చూడు."

ఆకు ఇంకా పూర్తి కాలేదని వల్లిపురం వేళ్ళకి తెలుసు. ఎక్కడెక్కడ పచ్చ మిగిలి ఉందో కళ్ళకి తెలియదు. సెల్లాచ్చి వాకిట్లో చేట పట్టుకుని, చెరగడం మానేసి చూస్తోంది.

కదిరవేలు గుడిసెలోకి వంగి దూరాడు. తాళ్ళన్నిటి కిందా అటూ ఇటూ నడిచాడు. గుమ్మందగ్గరికి వచ్చి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"నిజం చెప్పాలి," అన్నాడు. "లేచి కూర్చుంది. అన్నీ, ఒక్కటి వదలకుండా. ఇంత సమంగా లేచిన ఆకు మా నాన్న చేతిలో కూడా చూడలేదు."

సెల్లాచ్చి చేతిలోని చేట జారి బియ్యం నేలపాలయ్యాయి. గుమ్మం పక్కనున్న తాడుకి ఆకు సగం పసుపు, సగం చిలకపచ్చ.

వల్లిపురం ఎప్పుడూ ఓ పట్టాన కదలని మనిషి. ఇప్పుడు చకచకా పెరట్లోకి పోయి, కంచెలోని గంగరావి చెట్టునుంచి ఒక లేతాకు తెంపి, పంచెలో దాచుకుని వచ్చాడు.

"బావా, ఈ ఆకు చూడు. ఈ ఏటి మొత్తానికి ఇదే మేలిరకం. నీకోసమని దాచాను."

కదిరవేలు ఆకును వెలుతురులోకి ఎత్తిపట్టాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"అద్భుతం," అన్నాడు. "లేవడమే కాదు, స్నానం కూడా చేసి వచ్చింది."

సెల్లాచ్చికి నవ్వు ఆగలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. బావి గట్టు పట్టుకుని, కూర్చుండిపోయి నవ్వింది. "అన్నా! అది గంగరావి ఆకు! ఇప్పుడే చెట్టునించి తెంపాడు!"

కదిరవేలు ముఖం పాలిపోయింది. ఆకును వాసన చూశాడు. నాలుకతో తాకి, తుపుక్కున ఊశాడు. శాలువా భుజంమీంచి జారింది.

"మా ఇంట్లో," అన్నాడు చాలా చిన్న గొంతుతో, "పంచెలు కూడా సరిగ్గా ఉతకడం లేదు."

వల్లిపురం ఎగతాళి చేద్దామనే గంగరావి ఆకు తెచ్చాడు. ఆ మాట వినేసరికి ఎగతాళి మరిచిపోయాడు. పీట ఇంకొకటి తెచ్చి వేశాడు.

"కూర్చో బావా. కొబ్బరికోరు పాతగా ఉంటోందా?"

"ఉంటోంది."

"వెన్నెల?"

"అదేం వెన్నెల! కిరసనాయిలు దీపంలా లేదూ?"

ఇద్దరూ లోకంలో కల్తీ ఎంత పెరిగిందో ఒకరికొకరు చెప్పుకుని, కొంతసేపటికి ఇద్దరూ నవ్వారు. సెల్లాచ్చి తాటిబెల్లం ముక్కతో టీ ఇచ్చి, "ఆకు చివరి నిద్రకి వేశాక ఇద్దరూ కలిసి పట్నం ఆసుపత్రికి పోతున్నారు. ఎవరైనా కాదంటే ఇదిగో రుబ్బురోలు ఇక్కడే ఉంది," అంది.

పోయారు. మిషను ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు ఇచ్చారు. తల కదల్చకూడదని ఇద్దరికీ అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. కళ్ళకి గంతలు. నమలడానికి ఆకు లేదు. తెల్ల టోపీ సిస్టరమ్మ దిండ్ల కింద, పంచె మడతల్లో, చివరికి కదిరవేలు చెవి వెనక కూడా వెతికి, దాచిన ముక్కలన్నీ పట్టేసింది. ఇద్దరూ చీకట్లో వెల్లకిలా పడుకుని, అడుగే లేదని పేరున్న నిలావరై బావి లోతు గురించి వాదించుకున్నారు. ఆ బావిలో తన తాత కొబ్బరికాయ పడేస్తే అది అడుగుకి చేరేలోపు మొలకెత్తిందని కదిరవేలు అన్నాడు. తన తాత పడేసిన కాయ చెట్టయి కాసిందనీ, ఇప్పటికీ వానాకాలంలో లేతబొండాలు పైకి తేలతాయనీ వల్లిపురం అన్నాడు. వార్డంతా ఆయన పక్షమే చేరింది.

రెండు పూటలకోసారి సెల్లాచ్చి బస్సులో వచ్చేది. చూడటానికి వచ్చినట్టు కూర్చుని, సిస్టరమ్మ అటు తిరగగానే కొంగుముడి విప్పేది. అందులో అరటాకు కట్టలోంచి తీసిన చిన్న ఆకుముక్క.

వల్లిపురం గంతలతోనే ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "ఇంకా తడి గడ్డే. ఇంటికెళ్ళగానే విప్పి తిరగెయ్యి. పైది కిందికి."

"ఇలా ఇవ్వు," అనేవాడు కదిరవేలు పక్క మంచంమీంచి. మొదటిసారి వాసన చూసి, "పొగాకు," అన్నాడు. వల్లిపురం నవ్వితే మంచం కిర్రుమంది. తర్వాతిసారి, "కొట్టం వాసన తగ్గింది," అన్నాడు. ఇంకోసారి చాలాసేపు చూసి, "ఒరే, ఇది... అమ్మ పాకం పట్టి, గిన్నె దించి మరిచిపోయినప్పుడు..." అని ఆగిపోయాడు.

"అదే," అన్నాడు వల్లిపురం. "సెల్లాచ్చీ, ఇక కదిలించకు. పడుకోనీ."

కదిరవేలు గంతల కిందనుంచి అన్నాడు: "నాన్న కుండ నీకెందుకిచ్చాడో తెలుసా?"

"నేను అందగాణ్ణని."

"నోర్ముయ్. ఆఖరికి ఆయనకీ కళ్ళు పోయాయి, గుర్తుందా? మనిద్దర్నీ పిలిచి, ఆకు ఎలా ఉందని అడిగాడు. నేను, లేచి కూర్చుంది నాన్నా, అన్నాను. నువ్వేమన్నావు?"

వల్లిపురానికి గుర్తురాలేదు. కొత్తల్లుడు, ఏదో నోటికొచ్చింది అని ఉంటాడు.

"పసిపిల్లకి స్నానం చేయించి సాంబ్రాణి పట్టిన వాసన వేస్తోంది మామా, అన్నావు. గుడ్డివాడికి అదే కనబడింది. నేనప్పుడు, పెళ్ళాం పురిటినించి కొత్తగా వచ్చింది కాబట్టి వీడికి అన్నీ అలాగే ఉంటాయనుకున్నాను."

సిస్టరమ్మ వచ్చి, ఏడవకూడదు, కుట్లు తడుస్తాయని ఇద్దరినీ కోప్పడింది. నవ్వుతున్నామని ఇద్దరూ బొంకారు.

సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు పెట్టుకుని ఇద్దరూ ఊరికి తిరిగొచ్చారు. వల్లిపురం బస్సు దిగి ఆకాశం చూసి, "దీనికి నీలిమందు ఎవరు పెట్టారు?" అన్నాడు. దారిపొడుగునా కదిరవేలు ప్రతి కోడినీ ఆగి చూశాడు.

తలుపు తీసే రోజు వచ్చింది. చివరి నిద్ర నుంచి తీసిన ఆకును కట్టలు విప్పి గుడిసెలో తాళ్ళమీద ఆరబెట్టారు. కదిరవేలు ఇస్త్రీ శాలువాతో వచ్చాడు. ఆ శాలువా అంచు ఊదారంగని ఆయనకే ఇప్పుడు తెలిసింది. నిప్పుకుండ గుమ్మం పక్కన కడిగి బోర్లించి ఉంది. వల్లిపురం దానివైపు చూడకుండా చూస్తున్నాడు.

ఇద్దరూ లోపలికి వంగి దూరారు. తాటాకు సందుల్లోంచి ఎండ పడుతోంది. ఆకు కాఫీగింజ రంగులో మెరుస్తోంది, చాలావరకు. కాని అక్కడొకటి, ఇక్కడొకటి, ఈనెల పక్కన, మొదటి తొందరపాటులో బిగుసుకుపోయిన మచ్చలు. ముదురు రంగు మధ్యన చిలక ఈక రాలినట్టు, దాచిపెట్టడానికి వీల్లేకుండా, పచ్చగా. కొత్త అద్దాల్లోంచి వల్లిపురానికి అవి ఒక్కొక్కటీ కొబ్బరికాయంత కనిపించాయి.

కదిరవేలు కూడా చూశాడు. అద్దాలు ముక్కుమీదికి తోసుకుని మళ్ళీ చూశాడు. చూపుడువేలు ఒక మచ్చవైపు లేచింది. నోరు తెరుచుకుంది.

"బావా," అన్నాడు వల్లిపురం. "గుడిసెలో ఉన్నాం."

కదిరవేలు నోరు మూసుకున్నాడు. వేలు దించాడు. కొంతసేపు ఇద్దరి కళ్ళద్దాలూ ఒకదానికొకటి ఎదురుగా మెరిశాయి. తర్వాత కదిరవేలు అద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఆకు చివర కొంచెం తుంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సున్నం రాసిన తమలపాకులో చుట్టి బుగ్గన పెట్టుకున్నాడు. నమిలాడు. ముఖం చిట్లించబోయి, మరిచిపోయాడు. నములుతూనే ఉన్నాడు. వాకిట్లో సెల్లాచ్చి చీపురు ఆగిపోయింది.

ఆయన బయటికి వంగి ఉమ్మి, మళ్ళీ లోపలికి వచ్చాడు.

"లేచి కూర్చుంది," అన్నాడు తీర్పు చెప్పే గొంతుతో. "పక్కబట్టలు సరిగ్గా మడతపెట్టలేదు, అంతే. ఆ వయసులో మనం మాత్రం పెట్టామా?"

వంగి నిప్పుకుండ తీసి, శాలువా అంచుతో తుడిచి, వల్లిపురం చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు మండె వేసేటప్పుడు నన్ను పిలువు. వాసన చూడటం ఇప్పుడిప్పుడే వస్తోంది." ఆ మాట అని, ఎప్పటికన్నా పెద్ద మూటే కట్టుకుని, సైకిలెక్కి గంట కొట్టుకుంటూ పోయాడు.

వల్లిపురం కుండ పట్టుకుని ఎండలోకి వచ్చాడు. తీగమీద ఆయన పంచె ఆరేసి ఉంది. దాని తెలుపుకి కళ్ళు జిగేలుమన్నాయి.

"సెల్లాచ్చీ, పంచె తెల్లగానే ఉందే."

"ఏడాదినించి అదే చెప్తున్నా."

"నీ జుట్టు కూడా."

"అది ఇప్పుడెవరడిగారు?" ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగు దోపుకుని దగ్గరికి వచ్చింది. కళ్ళలో పాత అల్లరి ఉంది. "బయటికొచ్చావుగా. ఇక్కడ ఏ పేరైనా ఎత్తొచ్చు. ఇప్పుడు చెప్పు, ఆ ఈనెల పక్కనున్న మచ్చలు ఏ రంగు?"

వల్లిపురం ఆమె కేసి చూశాడు. ఆకాశం కేసి చూశాడు. తర్వాత కుండను చంకలో గట్టిగా పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ గుడిసెలోకి దూరాడు.